నువ్వు బద్ధకస్తురాలివి కాదు చెల్లీ, నీ ఒళ్ళు అలిసిపోయింది

ఈ వారం ఉత్తరం గోదావరి జిల్లాల నుంచి వచ్చింది. పేరు, ఊరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన ముక్కలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

"అక్కా, నాకు 34 ఏళ్ళు. పుట్టగానే ఏడవలేదట, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. రెండు కాళ్ళూ బిగుసుకుని ఉంటాయి గానీ కర్ర లేకుండానే నడుస్తాను. వికలాంగుల కోటాలో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చి తొమ్మిదేళ్ళయింది. మూడేళ్ళ నుంచి నడుము, మోకాళ్ళు ఒకటే నొప్పి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఫైల్లో అక్షరాలు కూడా బుర్రకెక్కవు. ఆదివారమంతా మంచం మీదే. ఎముకల డాక్టరు 'నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదేగా' అని నొప్పి మాత్రలు రాశారు. ఇంకొకాయన కండరాల బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ ఇచ్చారు, నిద్ర ముంచుకొస్తోందని నేనే మానేశాను. ఇది పెరిగే జబ్బు కాదని చిన్నప్పుడు చెప్పారు, మరి ఇదేంటి? ఆఫీసులో బద్ధకం అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. చక్రాల కుర్చీ కొనుక్కుంటానంటే అమ్మ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేను ఓడిపోతున్నానా అక్కా? ఇంకో చిన్న సందేహం, మీ చెప్పులు ఎన్నాళ్ళు వస్తాయి?"

చెల్లీ,

నాకు 47. నాదీ నీలాంటి సెరిబ్రల్ పాల్సీయే, అంటే మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కండరాలు బిగుసుకునే స్థితి. రెండు కాళ్ళకీ ఎక్కువగా ఉండే రకాన్ని డాక్టర్లు స్పాస్టిక్ డైప్లీజియా అంటారే, అదే. నేను డాక్టర్ని కాదు కాబట్టి మందుల సంగతి నీ డాక్టరుతో తేల్చుకోవాల్సిందే, కానీ ఈ ఒంటితో ఇన్నేళ్ళు కాపరం చేశాను కాబట్టి ఒక మాట మాత్రం గట్టిగా చెప్పగలను. నీది బద్ధకం కాదు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది నొప్పి గురించి రాసిన వాక్యాలు కావు, "నాకూ అదే అనుమానం" అన్న ఆ ఒక్క ముక్క.

నీ పొద్దున ఎలా మొదలవుతుందో నేను చెప్పనా? లేవగానే కాళ్ళు కర్రల్లా ఉంటాయి, గోడ పట్టుకుని పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే గానీ మడమ నేల మీద ఆనదు. బాత్రూంలో తడి నేల మీద ఒళ్ళంతా బిగబట్టుకుని నిలబడాలి. కుక్కర్ విజిల్ వేసినా, వెనక నుంచి ఎవరైనా హారన్ కొట్టినా తల నుంచి కాలి దాకా ఉలిక్కిపడతాం, ఆ ఉలికిపాటుకి బిగిసిన కండరం మళ్ళీ వదలడానికి చాలాసేపు పడుతుంది. తర్వాత బస్సు మెట్టు, ఆఫీసు మెట్లు. పక్క సీటు ఆవిడ ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చునేసరికి ఆవిడ రోజు మొదలవుతుంది, నువ్వు కూర్చునేసరికి నీ రోజులో సగం ఓపిక అయిపోయింది. తేడా అక్కడుంది. మోకాలు వంచే కండరం, చాచే కండరం మనకి ఒకేసారి బిగుస్తాయి, అంటే ఒక చేత్తో తలుపు తోస్తూ రెండో చేత్తో అదే తలుపు లాగుతున్నట్టు, ప్రతి అడుగూ అలాగే. మనలాంటి వాళ్ళ నడకని కొలిచి చూసినవాళ్ళు అంతే దూరానికి మామూలు వాళ్ళకంటే రెండు మూడు రెట్లు శక్తి ఖర్చవుతుందని చెబుతారు. నమ్మని వాళ్ళని మోకాళ్ళు కొంచెం వంచి, మునివేళ్ళ మీద, మీ ఆఫీసు వరండా ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు నడిచి రమ్మను.

ఇక "పెరగదు" అన్న మాట. అది అబద్ధం కాదు, సగం నిజం. మెదడుకి పుట్టినప్పుడు తగిలిన దెబ్బ పెరగదు, నిజమే. కానీ ఆ దెబ్బతో 34 ఏళ్ళు నడిచింది ఒళ్ళు కదా. నువ్వు అడిగిన చెప్పుల సంగతే తీసుకో, నీ నడక తీరు ఇరవై ఏళ్ళుగా ఒకటే, అయినా చెప్పు మాత్రం ఆ ఒక్క చోటే అరుగుతూ పోతుంది. కీళ్ళూ అంతే. వంగిన మోకాళ్ళ మీద ఏళ్ళ తరబడి నడిస్తే మోకాలి చిప్ప ఉండాల్సిన చోటు నుంచి పైకి జరుగుతుంది, నడుము లోపలికి వంగి వెన్ను మీద భారం పడుతుంది, తుంటి కీలు అరుగుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్ళ మీద వేర్వేరు దేశాల్లో చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2021లో లెక్క తీస్తే నూటికి 70 మందికి దీర్ఘకాలపు నొప్పి ఉందని తేలింది, అందులో కాళ్ళ నొప్పే ఎక్కువ, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఎక్కువ. నీ ఒక్కదానికే వచ్చిన వింత కాదిది.

మరి ఈ మాట నీకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? ఇది పిల్లల జబ్బని అందరి బుర్రల్లో పడిపోయింది. మన థెరపీ సెంటర్లలో గోడల మీద బొమ్మలు చూడు, అన్నీ పిల్లలవే. ఇంగ్లండులో డాక్టర్లకి ప్రభుత్వం తరఫున మార్గదర్శకాలు తయారుచేసే నైస్ అనే సంస్థ పిల్లల కండరాల బిగుతు గురించి 2012లో రాసింది, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్ళ గురించి రాయడానికి 2019 వచ్చింది. అక్కడే అలా ఉంటే మన జిల్లా కేంద్రంలో ఓపీలో రోజుకి వంద మందిని చూసే ఎముకల డాక్టరుకి తెలియకపోవడం వింతేం కాదు. నాకు కోపం ఆయనకి తెలియనందుకు కాదు, "చిన్నప్పటి నుంచీ ఉన్నదేగా" అని మాట అక్కడితో తెంపేసినందుకు. నాకూ ఒక డాక్టరు సరిగ్గా ఇదే మాట అన్నారు, నాలుగేళ్ళు నోరు మూసుకుని భరించాను, చివరికి తీరిగ్గా చూసినవాళ్ళు నొప్పిలో సగం తుంటి కీలు నుంచి వస్తోందన్నారు. ఆ నాలుగేళ్ళు ఇప్పుడు ఎవరిస్తారు?

అందుకని ముందు చేయాల్సింది ఇది. ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్ అనే విభాగం ఉన్న ఆసుపత్రి వెతుక్కో, పీఎంఆర్ అంటారు, మనలా కదలిక ఇబ్బంది ఉన్నవాళ్ళు తమ పనులు తాము చేసుకునేలా చూసే డాక్టర్లు అక్కడ ఉంటారు. పెద్ద ప్రభుత్వాసుపత్రులు కొన్నింటిలో ఉంటుంది, మనవాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరు సీఎంసీలో ఎప్పటి నుంచో ఉంది. అక్కడ ఆ విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసినావిడ. ఈ సంగతి మీ అమ్మగారికి కూడా చెప్పు, తర్వాత పనికొస్తుంది.

వెళ్ళేముందు ఒక పని చెయ్యి. గోడ క్యాలెండర్‌లో రోజూ రాత్రి తేదీ పక్కన మూడే మూడు సంగతులు రాయి: నొప్పి పదికి ఎంత, ఎక్కడ, ఆ రోజు ఎక్కువైన పని ఏంటి. నెలసరి రోజులు గుండ్రం చుట్టు, కొందరికి ఆ రోజుల్లో బిగుతు పెరుగుతుంది, నాకు బాగా తెలిసేది. నెల తర్వాత ఆ కాగితం చింపి డాక్టరు బల్ల మీద పెట్టు. నోటితో "ఒళ్ళంతా నొప్పులండీ" అంటే రెండు నిమిషాల్లో పంపేస్తారు. కాగితం చూస్తే ఆగి అడుగుతారు. అయిదేళ్ళ కింద నువ్వు చేయగలిగి ఇప్పుడు చేయలేనివి కూడా రాసుకో, రైలింగ్ పట్టుకోకుండా మెట్లు ఎక్కేదానివా, ఎంత దూరం ఆగకుండా నడిచేదానివి, అలాంటివి. మోకాళ్ళు, తుంటి, నడుము ఎక్స్‌రేలు అవసరమా అని అడుగు. అలసటకి సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఒక్కటే కారణం అనుకోవద్దు, రక్తం తక్కువున్నా, థైరాయిడ్ తేడా ఉన్నా, విటమిన్ డి, బీ12 తగ్గినా మనిషి ఇలాగే పడిపోతుంది. ఇవన్నీ మామూలు రక్త పరీక్షలే, దొరికితే సరిచేసుకోవచ్చు. మనకి ఎముకలు త్వరగా బలహీనపడే అవకాశం ఉంది కాబట్టి అదీ అడుగు. రాత్రి నిద్రలో కాళ్ళు కొంకర్లు పోయి మెలకువ వస్తుంటే తప్పకుండా చెప్పు, నిద్ర లేనివాళ్ళకి నొప్పి రెట్టింపు తెలుస్తుంది.

ఒక్కదానికి మాత్రం నెలరోజులు ఆగొద్దు. చేతుల్లో కొత్తగా పట్టు తప్పుతున్నా, గుండీ పెట్టుకోవడం, పెన్ను పట్టుకోవడం ఉన్నట్టుండి కష్టమైనా, మెడనొప్పితో పాటు తిమ్మిర్లు వచ్చినా, మూత్రం ఆపుకోలేకపోయినా, పడిపోవడం అకస్మాత్తుగా ఎక్కువైనా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళు. మెడ దగ్గర వెన్నుపాము మీద ఒత్తిడి పడుతూ ఉండొచ్చు, మనలాంటి వాళ్ళలో దాన్ని "సీపీయేలే" అని వదిలేసే ప్రమాదం ఉంది. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు.

బాక్లోఫెన్ సంగతి. నిద్ర రావడం ఆ మందుకి మామూలే, మోతాదు తగ్గించి మెల్లగా పెంచడమో, రాత్రి పూటకి మార్చడమో డాక్టరు చేయగలరు. కానీ కొన్నాళ్ళు వాడాక నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకూడదు చెల్లీ, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించొచ్చు. నీకేం కాలేదు, అదృష్టం. ఇంకోసారి అలా చెయ్యకు. నొప్పి మాత్రలు కూడా రోజూ నెలల తరబడి మింగితే కడుపుకీ కిడ్నీలకీ చేటు, ఎన్నాళ్ళు వాడుతున్నావో దాచకుండా చెప్పు. కొన్ని కండరాలే మరీ బిగుసుకుని ఉంటే బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అందరికీ అవసరం లేదు, కానీ అడగడంలో తప్పు లేదు.

ఇక ఓపిక సంగతి, అంటే ఉన్నదాన్ని ఎలా వాడుకోవాలో. మనం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న తప్పు ఒకటుంది, ఒళ్ళు మొరాయించేదాకా చేసి, అప్పుడు కూలబడటం. సోమవారం నుంచి శనివారం దాకా లాగి ఆదివారం మంచం పట్టడం అంటే అదే. నొప్పి వచ్చాక కూర్చోవడం కాదు, రాకముందే కూర్చోవాలి. చెప్పడానికి తేలిక, నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. వంటింట్లో ఎత్తు స్టూలు వేసుకుని కూరగాయలు కూర్చునే తరిగాను, ఫోన్లో నలభై నిమిషాలకోసారి అలారం పెట్టుకుని ఆ పని ఎంత ముఖ్యమైనా సరే అయిదు నిమిషాలు కాళ్ళు చాచి కూర్చున్నాను, స్నానం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేయడం మొదలుపెట్టాను. ఆ కుర్చీ ఒక్కటే నాకు రోజూ అరగంట ఓపిక మిగిల్చింది. వ్రతాలకీ పెళ్ళిళ్ళకీ పీట మీద కూర్చోమంటే "కుర్చీ వేయండి పిన్నీ" అని ముందే చెప్పేయడం నేర్చుకున్నాను. ఎవరేమనుకున్నా ఆ రాత్రి నొప్పితో మెలికలు తిరిగేది నేనే కదా.

వ్యాయామం మాత్రం మానకు. కాకపోతే చిన్నప్పుడు మనల్ని పట్టుకుని గుంజిన రకం కాదు. కండరాలు సాగదీయడం ఒక్కటే సరిపోదు, బలం పెంచేవి కూడా కావాలి, అదీ కొద్దికొద్దిగా, వారంలో రెండు మూడు రోజులు. చేసిన మర్నాడు కూడా నీరసంగా ఉంటే ఎక్కువ చేశావని గుర్తు, తగ్గించు. పెద్దవాళ్ళతో పనిచేసిన ఫిజియోథెరపిస్టు దొరికితే ఆరు వారాలు నేర్చుకుని ఇంట్లో చేసుకో. చలికాలం మన కాళ్ళకి గడ్డుకాలం, ధనుర్మాసం పొద్దుటి పూట నేను వేన్నీళ్ళ కాపడం లేకుండా మంచం దిగను. ఆఫీసులో ఏసీ గాలి నేరుగా కాళ్ళకి తగులుతుంటే సీటు మార్పించుకో.

ఆఫీసు అన్నాను కాబట్టి. నువ్వు వాళ్ళని దయ అడగడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 20వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం వికలాంగ ఉద్యోగికి తగిన సౌకర్యాలు, అడ్డంకులు లేని వాతావరణం కల్పించాలి. 2021లో, రాతపరీక్షకి సహాయకుడు కావాలని పోరాడిన వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి సౌకర్యం హక్కే గానీ ఉపకారం కాదన్న దృష్టితోనే తీర్పు ఇచ్చింది. కాబట్టి నోటితో బతిమాలకు, కాగితం మీద పెట్టు. పై అధికారికి దరఖాస్తు రాసి, చట్టం పేరు, సెక్షన్ నంబరు వేసి, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు నకలు జతచేసి, ఏం కావాలో విడమర్చి రాయి: గ్రౌండ్ ఫ్లోర్ సెక్షన్‌లో సీటు, చేతులున్న కుర్చీ, రికార్డు రూముకి తిరిగే పని ఇంకొకరికి, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు నడుం వాల్చడానికి చోటు. డాక్టరు దగ్గర "అలసట, దీర్ఘకాలపు నొప్పి ఉన్నాయి" అని ఒక లెటరు తీసుకుని అదీ పెట్టు. అందినట్టు స్టాంపు వేయించుకోవడం మర్చిపోకు. పట్టించుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉంటారు, అక్కడికి రాయొచ్చు. వైద్యానికీ థెరపీకీ కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ బీమా ఉంది, అన్ని ఖర్చులూ కలిపి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీకి అందులో కొంత భాగమే, అది పిల్లలకే అనుకునేవాళ్ళు చాలామంది, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్ళకీ వర్తిస్తుంది.

ఇప్పుడు అమ్మ.

మా అమ్మ నన్ను ఎనిమిదేళ్ళు వచ్చేదాకా చంకనేసుకుని, బస్సు మారి, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళింది. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి రోజూ రెండు పూటలా కాళ్ళకి మర్దన చేసేది, ఇప్పటికీ ఆ వాసన వస్తే నా పిక్కలు వాటంతటవే వదులవుతాయి. వీధి గుమ్మం పట్టించి నిలబెట్టి, తను నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చేతులు చాచి రమ్మనేది. నేను మొదటిసారి ఆ నాలుగడుగులూ వేసిన రోజు వీధిలో అందరికీ బెల్లం ముక్కలు పంచిందట. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి 39 ఏళ్ళ వయసులో నేను చక్రాల కుర్చీ కొంటానంటే ఆవిడకి వినపడింది ఏంటి? "నువ్వు పడ్డ కష్టమంతా నేల పాలు" అని వినపడింది. నేనన్నది అది కాదు. మీ అమ్మగారికీ సరిగ్గా అదే వినపడి ఉంటుంది, అందుకే అన్నం సహించలేదు. ఆవిడ మీద విసుక్కోకు.

నేను చేసిన పని చెబుతాను. నడక మానేస్తానని చెప్పలేదు, మానలేదు కూడా. ఇంట్లో నడుస్తాను, ఆఫీసు గదిలో నడుస్తాను. దూరాలకి మాత్రం కుర్చీ, అంటే ఆసుపత్రులు, రైల్వే స్టేషన్, పెళ్ళి మండపాలు, ఎగ్జిబిషన్. అమ్మ భయం ఒట్టిది కాదు, పూర్తిగా కూర్చుండిపోతే కండరాలు బిగుసుకునే మాట నిజమే, అందుకే ఎంత నడవాలి, ఎంత కూర్చోవాలి అనేది డాక్టరుతో కలిసి తేల్చుకో, వీలైతే ఆ రోజు అమ్మని కూడా తీసుకెళ్ళు, నీ నోటితో చెప్పేదానికంటే డాక్టరు నోటితో వింటే ఆవిడకి నమ్మకం. మొదటిసారి కుర్చీలో బజారుకెళ్ళి వచ్చిన సాయంత్రం నేను మామూలుగా మంచమెక్కే వేళకి వంటింట్లో స్టూలు మీద కూర్చుని అమ్మతో చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. అంతకుముందు చాలా ఏళ్ళుగా ఆ టైముకి నేను గోడ వైపు తిరిగి పడుకునే ఉండేదాన్ని, అమ్మ కంచం మంచం దగ్గరికే తెచ్చేది. ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు రోజులు పోయాక కుర్చీ చక్రాలకి అంటిన మట్టి తడిగుడ్డతో తుడుస్తూ కనిపించింది.

కుర్చీ కొనేటప్పుడు తొందరపడకు. మెడికల్ షాపులో మడతపెట్టి అమ్మే ఆసుపత్రి కుర్చీ మనకి పనికిరాదు, వెడల్పు ఎక్కువ, బరువు ఎక్కువ, నెట్టుకుంటే భుజాలు పోతాయి. తుంటి కొలత, తొడ పొడవు తీసుకుని సరిపోయేది చెప్పమని పీఎంఆర్ వాళ్ళనే అడుగు. మధ్యలో మోచేతి కర్రలు కూడా ఒకసారి వాడి చూడు, కొందరికి అవే సరిపోతాయి.

ఓడిపోతున్నానా అని అడిగావు. తొమ్మిదేళ్ళు ఆ కాళ్ళతో బస్సెక్కి ఉద్యోగం చేసిన మనిషివి. నువ్వు ఎవరికీ నడిచి చూపించాల్సిన బాకీ లేవు చెల్లీ, అమ్మకి కూడా.

రాత్రుళ్ళు ఏడుపొస్తోందని ఉత్తరం మధ్యలో ఒక వాక్యం రాసి కొట్టేశావు, నాకు కనిపించింది. నొప్పితో ఏళ్ళ తరబడి బతికేవాళ్ళకి దిగులు పట్టుకోవడం చాలా మామూలు, దానికీ వైద్యం ఉంది. ఆ వాక్యం డాక్టరు ముందు కొట్టేయకు. మరీ చీకటిగా అనిపించిన రాత్రి 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే సహాయవాణి, తెలుగులో మాట్లాడతారు.

చెప్పుల సంగతి. నాకు కుడి చెప్పు ముందు భాగం రెండు నెలల్లో పోయేది, ఎడమది కొత్తగానే ఉండేది. ఇప్పుడు కొన్న రోజే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, కుడిదానికి బొటనవేలు కింద పాత టైరు రబ్బరు పల్చగా అంటించి నాలుగు కుట్లు వేయించుకుంటాను. పల్చగానే వేయమను, మందంగా వేస్తే గచ్చుకి తట్టుకుని పడతావు. వెనక పట్టీ ఉన్నవే కొను. అలా చేస్తే నాకు ఆరు నెలలు వస్తున్నాయి.